రాసి చూసే కాగితాలు

నేను ఎడమచేత్తో రాస్తాను. సిరా ఆరేలోగా నా అరచేతి అంచు దానిమీదుగా వెళ్లిపోతుంది. పదహారో ఏట మొదలుపెట్టిన డైరీలన్నీ అలా అలుక్కుపోయినవే. ఎప్పుడైనా తిరగేస్తే నా మాటలు నాకే అందవు. బాల్ పెన్నుతో రాస్తే అలుక్కుపోదు కానీ వేళ్లు నొప్పెడతాయి. అందుకే శంకర్ నగర్‌లో మా ఆఫీసు పక్కనున్న పెన్నుల కొట్టు సేఠ్, త్వరలో రాబోయే విదేశీ రోలర్‌బాల్ పెన్ను బొమ్మ చూపించి, దాని సిరా కాగితానికి తగలగానే ఆరిపోతుందని చెప్పిన సాయంత్రం, నేనెక్కాల్సిన మోవా బస్సు నా ముందునుంచే వెళ్లిపోయినా చూసుకోలేదు.

నల్లగా నిగనిగలాడే ఒళ్లు, బంగారు పూత క్లిప్పు. మొదటి విడతలో మా ఊరికి రెండే వస్తాయట. ఆర్డరు పుస్తకం చివరి పేజీలో సేఠ్ వరస రాసుకున్నాడు. మొదట రిటైరైన రైల్వే గార్డు గారు, తర్వాత నేను, నా వెనక ఒక కాలేజీ లెక్చరరు. ఆయనకు అప్పటికే గాజు బీరువా నిండా పెన్నులున్నాయి.

శనివారం సాయంత్రాలు ముగ్గురం అక్కడ చేరేవాళ్లం. వాళ్లిద్దరూ స్టూళ్ల మీద కూర్చునేవాళ్లు, నేను కౌంటరు చివర నిలబడేదాన్ని. మాటలన్నీ హిందీలోనే.

"క్యా సేఠ్‌జీ, పెన్ను నడిచి వస్తోందా?" అనేవారు లెక్చరరు.

"నాగ్‌పూర్ దాకా వచ్చేసింది సాబ్. అగ్లే హఫ్తే, వచ్చే వారం పక్కా."

"పోయిన వారమూ నాగ్‌పూర్‌లోనే ఉంది కదయ్యా! అక్కడేమైనా ఇల్లు కట్టుకుందా?" అని, నావైపు తిరిగేవారు. "బిటియా, నీకెందుకమ్మా అంత పెన్ను? కిరాణా చీటీలు రాయడానికా? నీ నంబరు నాకిచ్చేయ్."

నేను తల అడ్డంగా ఊపేదాన్ని. అంతకు మించి ఆ కొట్లో నోరు తెరిచింది లేదు.

కౌంటరు మీద ఒక దళసరి కాగితాల కట్ట ఉండేది. ఎవరైనా ఏ పెన్నయినా దానిమీద రాసి చూసుకోవచ్చు. లెక్చరరు వరసగా ఎనిమిదులు చుట్టేవారు. గార్డు గారు హిందీలో స్టేషన్ల పేర్లు రాసేవారు. మహాసముంద్, బాగ్‌బాహరా, ఖరియార్ రోడ్, అలా కాగితం అయిపోయేదాకా. తర్వాత క్యాప్ టక్కుమని మూసి, ఆ చప్పుడు విని ముచ్చటపడేవారు.

నేను తెలుగులో రాసేదాన్ని. రైల్వే కాలనీ దాటితే ఆ హిందీ ఊళ్లో తెలుగు చదివేదెవరు? అదే నా ధైర్యం. మొదట్లో ఒక్కో మాటే రాసేదాన్ని. వారాలు గడిచేకొద్దీ కాలు నిలవక, చెప్పుకునేవాళ్లు లేక, ఒక్కో సాయంత్రం రెండేసి కాగితాలు నింపేశాను. "ఈ పెన్ను రాకపోతే డైరీ మానేస్తాను." "లెక్చరర్ గారి ఎనిమిదులకు బంగారు క్లిప్పు దేనికి?" "గార్డు గారు తలకు రంగు వేస్తారు, మీసాలు మరిచిపోతారు."

ఆ శనివారం నా చేతిలో పెన్ను ఇంకా కదులుతూనే ఉంది. గార్డు గారు స్టూలు దగ్గరికి జరుపుకుని తెలుగులో అన్నారు.

"రంగు కాదమ్మా, గోరింటాకు. మీసాలకెట్టుకుంటే మా ఇంటిది నవ్వుతాది."

పెన్ను అక్కడే పడేశాను.

"ఏటమ్మా, ఎల్లిపోతన్నావేటి? మాది పలాస దగ్గర. నాకూ కబుర్లు చెప్పీవోళ్లు లేకే ఈ కొట్టుకొస్తన్నాను."

వినకుండా వచ్చేశాను. ఎన్ని వారాల కాగితాలు చదివారో అనుకుంటే చెవులు కాలిపోయాయి. తర్వాతి రెండు శనివారాలు చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి బస్సుకు వెళ్లాను. పెన్ను వచ్చిందా, రాలేదా? ఆఫీసులో టైపు చేస్తున్నా అదే ధ్యాస. మూడో వారం సేఠ్ మా ప్యూనుతో కబురు పంపాడు. పెన్నులొచ్చాయట. ఈ సాయంత్రం రాకపోతే నా నంబరు లెక్చరరుది అవుతుందట.

ఆఫీసు మెట్లు రెండుసార్లు దిగి, రెండుసార్లు ఎక్కి, చివరకు వెళ్లాను.

అందరూ ఉన్నారు. గార్డు గారు జేబులోకి చెయ్యి పెట్టారు. మడిచిన కాగితాలు నాలుగు నావైపు తోశారు. నావే. "సేఠ్ వీటిలో సమోసాలెట్టుకు తింటన్నాడు. తీసి దాచేను."

సేఠ్ రెండో పెన్ను నా చేతిలో పెట్టాడు. బరువుగా, చల్లగా ఉంది. రాయడం మొదలుపెట్టాను. అంత సాఫీగా నడిచే పెన్ను నేను అంతకుముందు పట్టుకోలేదు. వరస చివరికొచ్చి చెయ్యి ఎత్తి చూశాను. నల్లటి చార, కాగితం పొడుగునా. అరచేతి అంచున అదే చార.

"ఫైల్ గయా! అలుక్కుపోయింది!" అన్నారు లెక్చరరు. సంతోషం దాచుకోవడం ఆయనకు చేతకాలేదు. పెన్ను ఆయన ముందు పెట్టేశాను. ఆయన వెంటనే ఎనిమిదులు మొదలుపెట్టారు.

కాగితాలు విప్పి చూసుకున్నాను. అన్నీ అలుక్కుపోయినవే.

"ఇవి... ఎలా చదివారండీ?" ఆ కొట్లో నేనడిగిన మొదటి ప్రశ్న అది.

"ముప్పయ్యేళ్లు రైలు చివర ఊగే బ్రేకుయాన్‌లో కూకుని రిపోర్టులు రాసినోణ్ణి. నీ రాత నాకో లెక్కా?" అని, ఒక కాగితం మీద వేలు పెట్టారు. "ఈ ఒక్క మాటే తెలీలేదు. రెండు వారాల్నుంచీ చూస్తన్నాను. ఇదేటమ్మా?"

వంగి చూశాను. "విసుగు" అన్నాను.

"ఓస్, విసుగా!" అని తన కొత్త పెన్ను క్యాప్ టక్కుమని మూశారు. "నేను మిసుగు, ముసుగు అనుకుని చస్తన్నాను. కూకో, ఆ స్టూలు లాక్కో."

లాక్కుని కూర్చున్నాను.