అమెరికా ఆయన పాడిన నాలుగో చరణం

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు నవ్వొస్తుంది. పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఎంతోమంది పోయినవాళ్ళ కళ్ళు మూశాను, ఒక్కరూ తిరిగొచ్చి పలకరించలేదు. అయినా 2015లో మస్కట్‌లో పట్టపగలు జరిగిన ఈ సంగతిని మాత్రం నవ్వి తీసిపారెయ్యలేను.

మాది పాలకొల్లు పక్క. అప్పట్లో మస్కట్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ. ఒమాన్‌లోనే సూర్ అనే ఊళ్ళో గ్యాస్ ప్లాంటులో పనిచేసే అరవై దాటిన అమెరికా ఆయన్ని పక్షవాతంతో తీసుకొచ్చారు. కుడిపక్క పడిపోయింది. ‘నో’ తప్ప మరో మాట రాదు. కూతురు రోజూ ఫోన్ చేసేది. ఈయన ‘నో, నో’ అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు.

ఆయన డ్రైవర్ గౌస్ భాయ్‌ది కడప. నేను తెలుగని తెలిశాక వచ్చినప్పుడల్లా కబుర్లే.

“ఈ సారు వయసులో ఉన్నప్పుడు గిటార్ వాయిస్తాండె సిస్టరమ్మా. ఆయన కట్టిన పాట ఇప్పటికీ వాళ్ళ రేడియోలో వస్తాదంట.”

ఆ పాట వెనక కథ కూడా గౌస్ భాయే చెప్పాడు. ఒంట్లో బాగున్నప్పుడు సారే తనతో అన్నాడట. అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊళ్ళో ఈయనా, నలుగురు స్నేహితులూ రాక్ బ్యాండ్ పెట్టారు. అంతలో ఈయన చెల్లెలు, ఆరేళ్ళ పిల్ల, ఏట్లో మునిగిపోయింది. సమాధి దగ్గర వాయించడానికి ఈయన మాటల్లేని ఒక వరస కట్టాడు. తర్వాత బ్యాండ్ వాళ్ళు దానికి డ్రమ్ములు, మూడు గిటార్లు కలిపి రికార్డు చేస్తే ఊరూరా మోగిపోయింది. ఆ పాటకి జనం బీరు సీసాలు పట్టుకుని గంతులేస్తుంటే చూడలేక ఈయన బ్యాండే వదిలేశాడు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం సారుకి వినిపిద్దామని గౌస్ భాయ్ ఫోన్లో ఆ పాట పెట్టాడు. గిటార్ మొదలైంది. బీపీ చూడబోతున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

అది మా అమ్మమ్మ పాట!

అమ్మమ్మకి చదువు రాదు. ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్ళేది. తనే కట్టుకున్న ప్రార్థన పాట అది. ఏ కీర్తనల పుస్తకంలోనూ లేదు, మా ఇల్లు దాటి ఎవరికీ తెలియదు. మూడు చరణాలు. ఆత్రం ఆపుకోలేక పాడేశాను. ఆ గిటార్ల మీద నా పాట ఎక్కడా తప్పకుండా కలిసిపోయింది. మూడో చరణం అవగానే ఆపేశాను.

ఆయన అందుకున్నాడు.

ఎడమచేత్తో దుప్పటి మీద తాళం వేస్తూ, వంకర తిరిగిన నోటితోనే, స్పష్టంగా:

“పొద్దు వాలింది, గట్టెక్కి రావే చిట్టెమ్మా,
నువ్వొదిలిన ముద్ద దేవుడే పెట్టాలే చిట్టెమ్మా.”

గౌస్ భాయ్ దిగ్గున లేచాడు. “యా అల్లా! సారు తెలుగులో పాడ్తాండాడు సిస్టరమ్మా!”

పక్క మంచం దగ్గరున్న మలయాళీ నర్సుకి మాటలు అర్థం కాలేదు గానీ, ‘చిట్టెమ్మా’ అన్నది తనకీ వినిపించింది. పాట అయిపోయింది. ఆయన మళ్ళీ ‘నో’ దగ్గరికే వచ్చేశాడు.

వరండాలోకి పరిగెత్తి అమ్మకి ఫోన్ చేశాను. ఆ చరణం చెప్పగానే అమ్మ మళ్ళీ ఒకసారి చెప్పమంది.

“చిట్టెమ్మ మా అక్కే. ఆరేళ్ళప్పుడు కాలవలో పడి చచ్చిపోయింది. ఆ చరణం మీ అమ్మమ్మ ఎవరికీ నేర్పలేదు. ఒక్కసారి చాటుగా విన్నాను, అంతే. నీకెవరు చెప్పారే?”

నాకు తెలిసినంతవరకూ ఆరా తీశాను. తన తండ్రి ఇండియాలో అడుగే పెట్టలేదని ఆయన కూతురు చెప్పింది. గౌస్ భాయ్ ఆయనతో ఇంగ్లీషు, హిందీ కలిపి మాట్లాడేవాడే తప్ప తెలుగు ముక్క కూడా అనలేదట. వరస సంగతంటారా, ఏ మిషనరీల ద్వారానో అటూ ఇటూ వెళ్ళిందనుకుందాం. చిట్టెమ్మ పేరు ఎలా వెళ్ళింది?

మరుసటి వారం కంపెనీ వాళ్ళు ఆయన్ని విమానంలో పంపేశారు. అప్పటిదాకా మళ్ళీ ఒక్క తెలుగు మాట రాలేదు.

సెలవుకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ నన్ను ఒక్కటే అడిగింది.

“ఆ పేరు ఎలా పలికాడే? ఏడుస్తున్నట్టా?”

“కాదమ్మా. ఆడుకుంటున్న పిల్లని అన్నానికి పిలిచినట్టు.”

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

“ఆ రోజు మా అమ్మ కూడా అక్కని అలాగే పిలిచింది.”