కళ్ళు తెరిచి ప్రార్థన చేసిన పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయిందన్న కబురు తాండూరు చర్చి సంఘంలోని ఒకాయన పొద్దుటి బండికి వికారాబాద్ వచ్చి చెప్పాడు. నేను అప్పుడే పాఠాలు చెప్పడానికి బడికి బయలుదేరుతున్నాను. "రాత్రి ప్రార్థన చేసుకొనే పండిందట. తెల్లారి లేవలేదు" అన్నాడాయన. ఎవరినీ కష్టపెట్టకుండా పోయిందని అందరూ అంటున్నారు. కావచ్చు. నాకు మాత్రం ఆమె మీద కోపంగానే ఉంది, చెప్పకుండా పోయినందుకు.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. మాది ధారూర్ దగ్గర పల్లె. హైస్కూలు చదువుకని నన్ను తాండూరులో ఆమె ఇంట్లో ఉంచారు. పెద్దనాయన నాపరాళ్ళ పాలిష్ పనికి పోయేవాడు. ఆయన తిరిగొచ్చి కాళ్ళు కడుక్కోగానే పెద్దమ్మ తలుపు ఓరగా వేసి, చాప పరిచి, లాంతరు ముందు కూర్చునేది. ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, పొయ్యి మీద పాలు పొంగినా లేవకూడదు. ఆమె ప్రార్థన మా నాన్న చేను దగ్గర మొదలై, అనంతగిరి క్షయ దవాఖానలో దగ్గుతున్నవాళ్ళను పలకరించి, మేము ఖాలా అని పిలిచే ఎదురింటి ముస్లిం ఆమె మోకాళ్ళ నొప్పుల మీదుగా రైళ్ళు నడిపేవాళ్ళ దాకా పోయేది.

"దేవునికి ఇంకో ఇల్లు లేదా? జర తొందరగ కానియ్" అనేవాడు పెద్దనాయన, కళ్ళు మూసుకునే.

డెబ్బై ఒకటిలో ఆ వరుసలో ఇంకొందరు చేరారు. ఖాలా ఇంట్లో రేడియో ఉండేది. తూర్పున సరిహద్దు దాటి, వానలో పిల్లల్నెత్తుకుని నడిచొస్తున్న కాందిశీకుల సంగతి అందులో రోజూ చెప్పేవారు. పెద్దమ్మ విని వచ్చి అన్నం సరిగా తినేది కాదు. "ఇల్లిడిసి వచ్చినోళ్లకు దర్వాజ తెరువు ప్రభువా" అని రోజూ వాళ్ళ కోసం ఏడ్చి ప్రార్థించేది.

ఒక వానాకాలపు సాయంత్రం ఆ మాట దగ్గరే ఉన్నప్పుడు బయట పసిపిల్ల మూలుగు వినిపించింది. పక్కింటి పిల్ల అనుకున్నామందరం. ప్రార్థన ముగించి చూస్తే గడప రాయి మీద నీళ్ళు మడుగు కట్టి ఉన్నాయి. ఎదురింట్లోంచి ఖాలా అంది: "ఎవరో ఆమె బిడ్డను చంకనేసుకొని మీ దర్వాజ కాడ మస్తు సేపు నిలవడ్డది. అడుగుతె ఆమె మాట తెలుగు గాదు, ఉర్దూ గాదు, కన్నడం గూడ గాదు. మీరు దువా చేస్తున్రని నేను మిమ్ములను పిలువలేదు. టేషన్ దిక్కు పోయింది."

పెద్దమ్మ అన్నం గిన్నె పట్టుకుని పరుగెత్తింది, వెనకాల నేను. మేము పోయేసరికి బండి కదిలిపోయింది. పిల్లనెత్తుకున్న ఒకామె ఎక్కిందని కూలీ చెప్పాడు. ఎవరో, ఎక్కడిదో, ఇప్పటికీ తెలియదు. వాన పడుతున్న ప్లాట్‌ఫారం మీద పెద్దమ్మ గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడింది.

"నీకేం ఎరుక? కండ్లు మూసుకొని ఉంటివి" అని ఇంటికొచ్చాక పెద్దనాయన ఓదార్చబోయాడు.

"గదే గదా నేను జేసింది" అంది పెద్దమ్మ.

మరునాటి నుంచి ఆమె తలుపు బార్లా తెరిచి, వీధికేసి కూర్చుని, కళ్ళు తెరిచి ప్రార్థన చేయడం మొదలుపెట్టింది. సంఘపు పాస్టరు అయ్యగారు ఒకసారి మెల్లగా మందలించారు. "మీరు మూసుకోండ్రి అయ్యగారూ. నేను దర్వాజ జూస్త" అంది. తర్వాత కరువొచ్చి పల్లెల వాళ్ళు రాళ్ళ పనికని తాండూరుకు నడిచొచ్చినప్పుడు, గడప ముందు ఎవరు ఆగినా, "జర ఆగు ప్రభువా, మనిషొచ్చిండు" అని లేచేది. అన్నం పెట్టి, చేయి కడుక్కొని వచ్చి, "ఆఁ, ఏడ ఆపిన?" అని మమ్మల్నే అడిగేది. మేము నవ్వాపుకోలేక చచ్చేవాళ్ళం.

నాకు వికారాబాద్‌లో టీచరు ఉద్యోగం వచ్చాక అప్పుడప్పుడు నన్ను చూడటానికి వచ్చేది. దిగాక కూడా బండి కదిలేదాకా ప్రతి డబ్బా కిటికీలోకి తొంగి చూసేది. ఎవరికోసమో నాకు తెలుసు. పోయిన ఏడు అడిగేశాను: "నువ్వామె మొఖమే చూడలేదు గద పెద్దమ్మా, ఎట్ల గుర్తుపడతవ్?"

"నేను గుర్తువట్టుడేంది బిడ్డా," అంది. "ఆమె నన్ను గుర్తువట్టాలె. లాంతరు ముందల కూసున్న నా మొఖం ఆమె చూసింది గద."

మొన్న తాండూరులో ఆమెను చాప మీద పడుకోబెట్టి ఉంచారు. పెద్దనాయన గోడకు చేరగిలబడ్డాడు. ఖాలా ఆమె పాదాలు పట్టుకుని కూర్చుంది. అయ్యగారు "ప్రార్థన చేద్దాం" అనగానే ఇంటినిండా ఉన్నవాళ్ళందరూ తలలు వంచి కళ్ళు మూసుకున్నారు. అలవాటుగా నేనూ మూసుకోబోతూ పెద్దమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు కూడా మూసి ఉన్నాయి.

నేను దర్వాజ వైపు తిరిగి కూర్చున్నాను.