చెదలు తిన్న కథలు

బరంపురం బడాబజార్లో పూర్ణచంద్ర బాబాయ్ దగ్గర ఉన్నన్ని దయ్యాల కథల పుస్తకాలు కటకం నుంచి కాకినాడ దాకా ఇంకెక్కడా లేవు. కానీ ఆయన చేతిమీదుగా వచ్చిన పుస్తకం ఒక్కటి కూడా నిండుగా ఉండదు. విషయసూచికలో పద్నాలుగు కథలుంటే లోపల పదకొండే ఉంటాయి. మిగిలిన మూడూ ఏమయ్యాయని అడిగితే ఆయన జవాబు ఏళ్ళ తరబడి ఒక్కటే.

"సెదలు తినీసినాయమ్మా."

అవి మామూలు చెదలు కావు. ముప్పై ఒకటో పేజీ దగ్గర మొదలెట్టి నలభయ్యో పేజీ దాకా, కుట్టు వారగా, స్కేలు పెట్టి గీసినట్టు తినేవి. నలభై ఒకటో పేజీని కన్నెత్తి చూసేవి కావు. అవి ఎంత బుద్ధిమంతులైన చెదలంటే, భోంచేశాక బ్లేడును గల్లాపెట్టె మీద బాబాయ్ కళ్ళజోడు పక్కనే పెట్టి వెళ్ళిపోయేవి.

ఆయన వ్యాపారం కాగితం సంచులు. ఒడియావాళ్ళు ఠుంగాలంటారే, అవి. ఇచ్ఛాపురం, పలాస, శ్రీకాకుళం పాత కాగితాల కొట్లనుంచి మూటలు తెప్పించి, గంజాం ఊళ్ళో ఆడవాళ్ళకిచ్చి అంటింపించి, కిరాణా కొట్లకి వేసేవాడు. ప్లాస్టిక్ సంచులొచ్చి ఆ వ్యాపారం పడుకుంది. ప్లాస్టిక్ మీద నిషేధమొచ్చి మళ్ళీ లేచి కూర్చుంది. పడుకున్నా లేచినా బాబాయ్‌కి ఒకటే. మూట విప్పగానే అందులో తెలుగు దయ్యాల కథల సంపుటమేదైనా తగులుతుందా అని వెతుక్కోవడమే ఆయన అసలు వ్యాపారం.

ఎదురు కొట్టు నాగశ్రీది. జాకెట్లు కుడుతుంది. యాభై దాటాయి. భర్త పోయి ఆరేళ్ళయింది. కొట్టుమీదే మేడగది, అందులో ఒక్కతే ఉంటుంది. లోకంలో ఆవిడకున్న సరదా ఒక్కటే, ఒళ్ళు జలదరించే కథ చదవడం. పిల్లికి ఎలక దొరికినట్టు ఆవిడకి బాబాయ్ దొరికాడు.

"మంచి సంపుటమేదో కొన్నాక గానీ తెలీటం లేదు బాబాయ్. నీకెలా తెలుస్తాది?" అని మొదట్లోనే అడిగింది.

"అట్ట సూడు. పుర్రె బొమ్మేసినాడనుకో, ఒగ్గీ. లోన బయముంటే మీద పుర్రెందుకేటి? కుర్చీ బొమ్మో, మూసిన తలుపో ఉంటే సేతిలోకి తియ్యి."

"తీసి?"

"ఏడో కధ సదువు. మొదటిది బాగుంటాది. కూరగాయల గంపలోన మీద వంకాయ ఎవుడైనా మంచిదే పెడతాడు. సివరిదీ బాగుంటాది. ఏడోది బాగుంటే మనిషి నిజాయితీగా ఏరినాడన్న మాట."

"ఏడు కధల్లేకపోతే?"

"అది సంపుటమేటమ్మా? సేంపిలు!"

ఆయన చదివేది మిట్టమధ్యాహ్నమే. కాగితాల మూటమీద కూర్చుని, ఎండ మొహాన పడుతుంటే చదివేవాడు. రాత్రి చదవవేమని అడిగితే తగవుకొచ్చేవాడు. "రేత్రి సదివితే బయపెట్టింది కధో సీకటో ఎలా తెలుస్తాది? మద్దేన్నం పన్నెండింటికి సెమట్లు పట్టించినోడే రచయిత!" అలా చదివి, ప్రతి పుస్తకాన్నీ మూసి, "పెద్ద బయమేం నేదు" అని తీర్పు చెప్పేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు చెయ్యి వణికేదని ఆయన భార్య జయలక్ష్మి అందరికీ చెప్పింది.

చెదల వల్ల ఇంకో చిక్కుండేది. ఒక కథ మొదటి పేజీ వెనక పాత కథ ఆఖరి పేజీ ఉంటుంది కదా. కొత్త కథ పోతే పాత కథ తోక కూడా పోతుంది. ఆ తోకను బాబాయ్ ఎర్ర సిరాతో మిగిలిన పేజీ అడుగున తనే రాసేవాడు. నాలుగు తరాలుగా కోటలో తిరుగుతున్న పిశాచం కత్తెత్తిన చోట కథ తెగిపోతుంది. దాని కింద ఎర్రగా ఇలా ఉంటుంది: "తరవాత దెయ్యం ఎల్లిపోయింది. అందరూ బోంచేసినారు."

"కోటలో ఎవరూ మిగలలేదు కదా బాబాయ్, బోంచేసిందెవరు?" అని నాగశ్రీ నిలదీసింది.

"సుట్టాలొచ్చుంటారు" అన్నాడాయన.

నవ్వుకుంటూనే ఉన్నా, ఆ లేని కథలు ఆవిడని పీకేవి. విషయసూచికలో పేర్లు కనబడతాయి, కథలుండవు. "గుమ్మం బయట" అనే పేరు ఒకటుండేది ఒక పుస్తకంలో. ఆ గుమ్మం బయట ఏముందో తెలీక ఆవిడ మూడు జాకెట్లకి చేతులు తిరగేసి కుట్టింది. బాబాయ్ని అడిగితే చెదలన్నాడు. బతిమాలితే చెదలన్నాడు. ఒట్టు పెడితే, "పెద్ద సెదలు" అన్నాడు.

రెండేళ్ళ కిందట బాబాయ్ ఒకరోజు పెళ్ళికొడుకులా వచ్చాడు. చేతిలో అట్టలేని పుస్తకం. "ఇరవై యొక్క కధలమ్మా! ఏడోది సదివి నేనే లెగిసి కొట్టు బయట నిలబడీసినాను." ఇరవై ఒకటిలో పదిహేడే ఉన్నాయి. నాగశ్రీ పళ్ళు కొరుక్కుని ఊరుకుంది. ఆ సాయంత్రమే సందు చివర కొట్లో పావుకిలో శనగపప్పు తెచ్చుకుంది. డబ్బాలో పోసి, సంచీ విప్పి చూసింది. కాగితం మీద పెద్దక్షరాల్లో "గుమ్మం బయట".

సగం పేజీ ఉంది. ఆ సగంలో ఒక ఆడమనిషి తలుపు గడియ తీయబోతోంది. అక్కడితో జిగురు.

ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. అట్టలేని పుస్తకం పట్టుకుని రోడ్డు దాటింది. కొట్లో బేరాలవాళ్ళు నలుగురున్నారు.

"సెదలేటి బాబాయ్, సెదలు? మంచి మంచి కధలు కోసీసి సెనగపప్పు పొట్లాలు కట్టుకుంటున్నావా? నాలాంటి పిచ్చిముండకి మిగిలిన తుక్కు సదవమని ఇస్తున్నావా? నువ్వు పుస్తకాలు సంపే మనిషివి. నీ పుస్తకం నాకొద్దు, నీ మొహమూ వద్దు!"

పుస్తకం గల్లాపెట్టె మీద పడింది. బ్లేడు ఎగిరి కింద పడింది. పూర్ణచంద్ర బాబాయ్ లోపలి గది గుమ్మం వైపు ఒకసారి చూశాడు. అక్కడ జయలక్ష్మి నిలబడి ఉంది. ఏదో చెప్పబోయి మానేసి, మెల్లిగా అడిగాడు.

"పప్పు పుచ్చునేదు గదమ్మా?"

నలుగురూ గొల్లున నవ్వారు. తనని చూసే నవ్వారనుకుంది నాగశ్రీ. ఆ రోజునుంచి ఎదురు కొట్టు ఎదురు కొట్టుగానే ఉంది. ఆవిడ మిషను మొహం గోడవైపు తిప్పేసింది. ఫోనులో ఏవో దయ్యాల కథలు దొరికితే చదివింది. ఒక్కటీ రుచించలేదు. కథ అయ్యాక ఇది బాగోలేదని తిట్టుకోవడానికి మనిషి కావాలి కదా. ఆ మనిషి పదడుగుల దూరంలో ఉన్నాడు. నాలుగంగల్లో పోయేదానికి ఆవిడకి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ తన నోటిని తానే తిట్టుకుంటుంది.

మొన్న వేసవిలో జయలక్ష్మి జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది.

"బాబాయి రాలేదేం పిన్నీ?" అంది నాగశ్రీ, తెలీనట్టు.

"ఎలాగొస్తారమ్మా? సూపు పోయింది గదా. నీటికాసులట. ఎప్పుడినించో ఉందట, మనకి తెలీనేదు. డాక్టరు సూసేసరికి టయిమైపోనాది. కొట్టు మా అబ్బాయి కిరణ్ సూసుకుంటున్నాడు. ఈయనకి ఎలుగూ నీడా తెలుస్తాది, అంతే."

నాగశ్రీ టేపు మెడలోంచి తీసి మిషను మీద పెట్టింది.

"ఇంకోటి సెప్పాలమ్మా. సెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. ఆవేళ నీకు దొరికిన కాగితాలు పొట్లాల కట్టలో ఏసిందాన్ని నేనే. గూడు దులుపుతుంటే కవరు కనబడింది. పనికిరానివనుకోని, సంచులంటించే గంజాం కాసమ్మ కట్టలో కలిపీసినాను. నలుగురిలోన నన్నంటావని ఆయన నోరిప్పనేదు."

నాగశ్రీ మిషను కట్టెయ్యకుండానే లేచింది.

బాబాయ్ నిద్రలో ఉన్నాడు. జయలక్ష్మి గూడు తీసి చూపించింది. వరసగా కవర్లు. ప్రతి కవరు మీదా ఎర్ర సిరా.

"కాసమ్మకి వద్దు." లోపలన్నీ పడవ దయ్యాల కథలు, సముద్రంలో మునిగినవాళ్ళు లేచివచ్చే కథలు. పక్కన చిన్నక్షరాలు: "మనవరాలు రింకి ఈవిడకి సదివి ఇనిపిస్తాది. కొడుకు కాసులు సముద్రం ఏటకెల్తే పది రోజులు రాడు. ఈలోగా ఇది ఇంటే ముసల్దానికి నిద్రుండదు."

"రంభ ఊరి అప్పయ్యకి ఏదైనా ఇవ్వొచ్చు. ఆడికి అర్దం కాదు." ఆ కవరు ఖాళీ.

అన్నిటికంటే లావుగా ఉన్నది "నాగశ్రీకి వద్దు". ఆవిడ కూర్చుని విప్పింది. ఒంటరి ఆడమనిషి, మేడగది, మెట్లమీద అడుగుల చప్పుడు. ఒక్కో కథకీ ఒక చీటీ. అన్నిటికంటే పైన ఉన్న కథలో, చచ్చిపోయిన మొగుడి చెప్పులు గుమ్మం దగ్గర రోజూ కొంచెం కొంచెం లోపలివైపు తిరుగుతుంటాయి. దాని చీటీ ఆవిడ రెండుసార్లు చదువుకుంది.

"నాగశ్రీ మేడ గుమ్మం కాడ ఆల్లాయన సెప్పులు ఉంచుతాది. ఇంట్లో మగమనిషి ఉన్నట్టు కొత్తోల్లు అనుకోవాలని. ఇది సదివితే సెప్పులు తీసీస్తాది. తీసీస్తే ఒక్కర్తే ఉన్నట్టు ఊరందరికీ తెలిసిపోద్ది. పెద్ద బయమేం నేదు. అయినా వద్దు."

ఆ చెప్పుల సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆయన ఎప్పుడు చూశాడో, ఎప్పుడు అర్థం చేసుకున్నాడో.

కవర్లో కాగితాలు అడుగునుంచి పైకి తిరగేసింది. పాతవి తీర్చి కోసినట్టున్నాయి. పైకొచ్చే కొద్దీ కోత వంకరపోయింది. ఆఖరివాటిలో బ్లేడు అక్షరాల్లోకి దిగిపోయింది. ఆవిడ మొహం తిప్పుకున్న రెండేళ్ళలోనూ, కళ్ళు మసకేస్తున్నా, రోడ్డు దాటి రాని మనిషి కోసం ఆయన పుస్తకాలు వెతుకుతూనే ఉన్నాడు, కోస్తూనే ఉన్నాడు. ఆ రెండేళ్ళలో చాలాకాలం ఆయనకి చూపుంది. ఆ చూపున్నప్పుడు పక్కన కూర్చుని ఒక్క కథ గురించి పోట్లాడుకోలేకపోయానే అని ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపులోనే చెప్పుల కథ మొత్తం చదివేసింది కూడా. ఆ సాయంత్రం మేడ మెట్లెక్కడానికి పక్కింటి వాసవీకుమారిని తోడు పిలిచింది. చెప్పులు పెట్టినచోటే ఉన్నాయి. అయినా వాసవీకుమారిని టీ తాగి వెళ్ళమంది.

మర్నాడు వెళ్ళి, "బాబాయ్, నేను" అంది.

"పప్పు పుచ్చునేదు గదా?" అన్నాడాయన. అంతకు మించి ఆ గొడవ గురించి ఇద్దరూ మాట్లాడలేదు.

ఆ వారమే నాగశ్రీ బస్సెక్కి ఇచ్ఛాపురం వెళ్ళి పాత కాగితాల కొట్లో చతికిలబడింది. పుర్రెల బొమ్మలు పక్కకి తోసింది. మూసిన తలుపు బొమ్మది ఒకటి దొరికింది. ఏడో కథ అక్కడే, మిట్టమధ్యాహ్నం, ఎండలో చదివింది. మధ్యలో కొట్టువాడు "ఏటి గావాలమ్మా?" అంటే కెవ్వుమంది. వెంటనే కొనేసింది.

"పన్నెండు కధలు బాబాయ్!" అని చెప్పి, రోజుకొకటి చొప్పున మధ్యాహ్నంపూట చదవడం మొదలెట్టింది. ఆయన కాగితాల మూటమీద కూర్చుని, మెడ ముందుకి చాచి వింటాడు. అయ్యాక తీర్పు. "పెద్ద బయమేం నేదు." చెయ్యి మాత్రం జయలక్ష్మి చెప్పినట్టే.

ఎనిమిదో రోజు కథలో ఒక ముసలాయన బావిలోంచి వస్తున్న గొంతుకి బదులు పలికాడు. బావిలోంచి చెయ్యి పైకి లేచింది. నాగశ్రీ గొంతు సవరించుకుని చదివింది.

"తరవాత దెయ్యం ఎల్లిపోయింది. అందరూ బోంచేసినారు."

బాబాయ్ చాచిన మెడ వెనక్కి తీసుకున్నాడు. అడిగాడు.

"తొమ్మిదో కధ పేరేటమ్మా?"

"అది... సెదలు తినీసినాయి బాబాయ్."

"ఎన్ని పేజీలు?"

"పది."

తొమ్మిదో కథలో చూపు పోయిన పెద్దాయన ఒకడుంటాడు. గదిలో తనొక్కడే ఉన్నాననుకుంటాడు, ఒక్కడే కాదు. చదవకుండా దాటేస్తే సరిపోయేదే. కానీ ఇంకెవరి చేతిలోనైనా పుస్తకం పడి, ఎవరైనా చదివి వినిపిస్తేనో? పైగా ఆ కొట్లో అది ఆచారం. ముందురోజు గల్లాపెట్టె మీది బ్లేడు అడక్కుండానే పట్టుకెళ్ళింది. ఆవిడ మేడగదిలో ఇప్పుడొక కవరుంది. దాని మీద ఎర్ర సిరాతో "పూర్ణచంద్ర బాబాయికి వద్దు" అని రాసి ఉంది.

"పుస్తకం ఇలాగియ్యి" అన్నాడు బాబాయ్.

ఇచ్చింది. ఆయన కుట్టు వారన చూపుడువేలు పెట్టి, పైనుంచి కిందికి మెల్లగా నడిపించాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. మూతి బిగించాడు. తర్వాత బుగ్గలు కదిలాయి.

"మంచి సెదలే. కోత సుబ్బరంగా ఉంది" అన్నాడు. "జాకెట్లు కుట్టే సెయ్యి గదా."

లోపలినుంచి జయలక్ష్మి కేకేసింది, చద్దన్నం పఖాళం కలిపేశాను, వడియాలు మెత్తబడిపోతున్నాయి, ఆ దయ్యాలని వదిలి రండి అని. నాగశ్రీ బాబాయ్ చెయ్యి పట్టుకుని లేవదీసింది. ఆ చెయ్యి వణకడం లేదు.

తరవాత అందరూ భోంచేశారు.