బిల్పిన్ కొండ దారిలో క్లచ్ వైరుకి కాపడం

ఈ ఆదివారం మా సిడ్నీ తెలుగు బైక్ రైడర్ల గ్రూపు కొండల అవతలి లిత్‌గో ఊరికి వెళ్తోంది. వెళ్లేవాళ్ల జాబితాలోంచి వసంతక్క పేరు కొట్టేశారు. కొట్టేసింది గ్రూపు అడ్మిన్ శ్రీధర్ అన్న. కారణం కూడా దాచలేదు, అందరూ చదివేలా గ్రూపులోనే పెట్టాడు: క్లచ్ పట్టలేని చెయ్యి కొండ ఎక్కకూడదట. వసంతక్క బ్లాక్‌టౌన్ వైపు ఒక వృద్ధుల కేంద్రంలో నర్సు. నలభై దాటాక, ఇక్కడ ఆస్ట్రేలియాలోనే బండి నేర్చుకుని లైసెన్సు తెచ్చుకుంది. పాతకాలపు రూపంలో ఉండే మూడువందల యాభై సీసీ బండిని అపురూపంగా కొనుక్కుంది. చలికాలం మొదలైనప్పటి నుంచి క్లచ్ నొక్కితే ఆమె ఎడమ మణికట్టు పీకేస్తోంది. రోజూ డ్యూటీ నుంచి వచ్చి వేడి టవల్‌తో కాపడం పెట్టుకుంటోంది. ఆ మెసేజ్ చూసిన రాత్రే బండిని అమ్మకానికి పెట్టేసింది. కొనేవాడు శనివారం సాయంత్రం నాలుగింటికి వస్తానన్నాడు.

గ్రూపులో నేను రాసిన జవాబు ఇక్కడ మళ్లీ పెట్టను. అది చదివి కొందరు గ్రూపే వదిలేశారు. నేను పనిచేసే వేర్‌హౌస్‌లో టీ గది బల్ల మీద ఎప్పుడూ కార్మిక సంఘం కరపత్రాలు పడి ఉంటాయి. మనిషికి తగ్గట్టు పనిముట్టుని మార్చాలి గానీ, పనిముట్టు కోసం మనిషిని నలపకూడదని వాటిల్లో చదివాను. చదివింది నమ్మేవాడు ఊరుకోలేడు. అందుకే శనివారం పొద్దున ఎనిమిది కాకముందే క్వేకర్స్ హిల్‌లో వసంతక్క ఇంటి ముందు నా బండి ఆపాను.

“అక్కా, అమ్మేముందు ఒక్కసారి బిల్పిన్ దాకా పోయొద్దాం. ఆ క్లచ్ సంగతేందో చూద్దాం” అన్నాను.

“ఏం చూస్తవ్ తమ్మీ? బండి మంచిగనే ఉంది. నా చెయ్యే ఖరాబైంది.”

లోపల్నుంచి ఆమె కూతురు కేకేసింది. “మమ్, జస్ట్ సెల్ ఇట్! రాత్రంతా ఆవ్, ఊవ్ అంటావ్.”

“నేనేమన్నా నీలెక్క సోఫా మీద కూసొని ఆవ్ అంటున్ననా?” అంటూనే అక్క హెల్మెట్ తీసుకుంది.

క్వేకర్స్ హిల్ నుంచి రిచ్‌మండ్ రోడ్డు పట్టుకుంటే అరగంటలో రిచ్‌మండ్. టోల్ లేదు. జులై అంటే ఇక్కడ నడిచలికాలం, పొలాల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంది. గుర్రాలకు కూడా దుప్పట్లు కప్పి వదిలారు. పొగమంచులో అవి కాళ్లు లేకుండా తేలుతున్నట్టు కనిపించాయి. నది మీద వంతెన దాటగానే నార్త్ రిచ్‌మండ్ సిగ్నల్. శనివారం అక్కడ కార్లు చీమల్లా కదులుతాయి. ఆపు, కదులు, ఆపు. అద్దంలో చూస్తే వసంతక్క ప్రతిసారీ నాలుగు వేళ్లూ బిగించి, భుజం ఎత్తి మరీ క్లచ్ లాగుతోంది. పెట్రోలు బంకులోకి తిప్పించి, ఆమె బండి క్లచ్ నేనే నొక్కి చూశాను. రోజంతా పెట్టెలు మోసే చెయ్యి నాది. అయినా లీవరు మొరాయించింది.

“అక్కా, నీ చేతికేం కాలే. ఇది నాకే వస్తలేదు.”

“నువ్వు సల్లకి గడ్డకట్టినవ్ గావచ్చు” అంది ఆమె. కానీ ఆ మాట తర్వాత నా వైపు చూసిన చూపులో ఏదో కదిలింది.

నార్త్ రిచ్‌మండ్ దాటాక అదే రోడ్డు బెల్స్ లైన్ పేరుతో కొండెక్కుతుంది. కురాజాంగ్ హైట్స్ దగ్గర, రోడ్డు పక్కన, లోయలోకి చూసే ఒక మలుపు ఉంది. బండ్లు ఆపుకోవడానికి చోటుంది, తప్పకుండా ఆగండి. ఇంజన్లు ఆపగానే చెట్లలోంచి గంటల చప్పుడు మొదలైంది. అవి పక్షులే. ఒక్కటీ కనపడదు, అడవంతా ఎవరో చిన్న చిన్న గాజు గ్లాసులు మీటుతున్నట్టు టింగ్, టింగ్. కింద సిడ్నీ మొత్తం పొగమంచు కింద పడుకుని ఉంది. ఎక్కడో దాని అడుగున నా వేర్‌హౌస్ ఉంది, అక్క వార్డు ఉంది, అక్కడి నుంచి ఏ చప్పుడూ ఇంత పైకి రావడం లేదు. ఎండ నేరుగా బండ్ల మీద పడుతోంది. ఫ్లాస్కులో టీ అయిపోయేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

మళ్లీ బయలుదేరేటప్పుడు అక్క క్లచ్ లాగి ఆగిపోయింది. “తమ్మీ, జర అల్కగైంది.”

“విశ్రాంతి దొరికింది గదా చేతికి” అన్నాను, తెలిసినవాడిలా.

కానీ ఆ తర్వాత దారి పొడుగాటి యూకలిప్టస్ చెట్ల నీడలోకి వెళ్లింది. బిల్పిన్ చేరేలోపే క్లచ్ మళ్లీ మొదటికొచ్చింది. విశ్రాంతే కారణమైతే ఇంత త్వరగా పోతుందా అని దారంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

బిల్పిన్ అంటే ఆపిల్ తోటలు, ఆపిల్ కూరి కాల్చిన ‘పై’లు. రోడ్డు పక్కనే చెక్క షెడ్డుల్లో అమ్ముతారు. ఒక పై, ఒక కాఫీ కలిపి ఇరవై డాలర్ల లోపే. మేం ఆగిన షెడ్డు నడిపే ఆవిడ పేరు మార్గ్, ఎర్రటి ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దావిడ. నేను పనిముట్ల సంచీ విప్పడం చూసి, “ఏంటి లవ్, మొండికేసిందా?” అని ఇంగ్లీషులో పలకరించింది. ఇక్కడి పెద్దవాళ్లు ఎవర్నైనా లవ్ అనే పిలుస్తారు.

“చెయ్యా, బండా, తేలుస్తున్నాం” అన్నాను.

హ్యాండిల్ దగ్గర వైరు బిగువు సర్దే అడ్జస్టర్ వదులు చేసి, క్లచ్ వైరు చివర ఉండే గుండును లీవరు గాడిలోంచి తప్పించాను. వైరు లేని లీవరు గాలికి కూడా ఊగేంత తేలిక. కింద ఇంజన్ దగ్గర క్లచ్‌ని కదిపే కడ్డీ కూడా మామూలుగానే కదిలింది. మిగిలింది నల్లటి తొడుగు, దాని లోపలి వైరు. వైరుని చేత్తో లాగి చూశాను. బిగుసుకుపోయిన పాలకోవాలోంచి పుల్ల లాగినట్టుంది. గట్టిగా లాగితే తొడుగు చివర తెల్లటి ముద్ద ఒకటి బయటికొచ్చింది.

“గ్రీజా?” అన్నాను.

వసంతక్క దాన్ని వేలికి అంటించుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంకోసారి పెట్టుకుంది. తర్వాత పడీ పడీ నవ్వింది. “అరే, ఇది కొబ్బరినూనె రా!”

మార్గ్ కూడా వాసన చూసి, “నా సన్‌స్క్రీన్ వాసనే వస్తోంది” అంది.

అప్పుడు అక్క చెప్పింది. జనవరిలో, ఇక్కడి నడివేసవిలో, శ్రీధర్ అన్న తన గరాజ్‌లో అందరి బండ్లకీ ఉచితంగా సర్వీసు చేశాడు. ఆ రోజు నాకు షిఫ్టు, వెళ్లలేదు. డబ్బాల్లో అమ్మే స్ప్రేలన్నీ రసాయనాలని, మన ఇంటి నూనెను మించింది లేదని, వచ్చిన ప్రతి బండి క్లచ్ వైరులోనూ కొబ్బరినూనె పోశాడట. ఎండాకాలం నలభై డిగ్రీల్లో అది నీళ్లలా జారింది, అందరూ మెచ్చుకున్నారు. చలికాలంలో సీసాలో నూనె పేరుకుంటుందని తెలియని తెలుగువాళ్లు ఎవరుంటారు? వైరులో కూడా పేరుకుంటుందని మాత్రం ఒక్కరికీ తట్టలేదు. ఎండలో మెత్తబడి, నీడలో బిగిసింది అక్క చెయ్యి కాదు.

మార్గ్ కెటిల్‌లో నీళ్లు కాచి ఇచ్చింది. వేడినీళ్లలో ముంచి పిండిన టవల్‌ని వసంతక్క ఆ వైరు పొడవునా చుట్టింది. రోజూ తన మణికట్టుకి చుట్టుకునేట్టే, అంతే నెమ్మదిగా. ఆవిరి లేచింది. యూకలిప్టస్ వాసన నిండిన ఆ చల్లటి గాలిలో కొబ్బరి వాసన తేలింది. పేరుకున్నది కరిగాక తొడుగు పై చివరకి ప్లాస్టిక్ సంచి మూల కోసి గరాటులా కట్టి, అందులో నేను తెచ్చుకున్న పల్చటి మెషిన్ ఆయిల్ పోశాను. అక్క వైరుని పైకీ కిందకీ ఆడిస్తూ కూర్చుంది. కింది చివర ముందు తెల్లగా, తర్వాత బూడిదరంగులో, ఆఖరికి స్వచ్ఛమైన నూనె ఒక్కో చుక్కే జారింది. ఆ చుక్కల్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. తీసుకున్న ఆపిల్ పై పళ్లెంలోనే చల్లారిపోయింది.

వైరు బిగించి, లీవరు దగ్గర కాస్త వదులు ఉంచాను. అక్క రెండు వేళ్లతో లాగింది. వచ్చేసింది. ఇంకోసారి లాగింది. మొహం అటు తిప్పుకుంది.

నేను ఫోన్ తీసి స్పీకర్‌లో పెట్టి శ్రీధర్ అన్నకి కలిపాను. తిట్టడానికి మాటలన్నీ సిద్ధంగా ఉన్నాయి. సగం తిట్టాక అవతల చప్పుడు లేదు.

“అన్నా, ఉన్నావా?”

“ఉన్నానయ్యా. కొబ్బరినూనే అంటావా?” గొంతు తగ్గించి చెప్పాడు. “నా బండీ పొద్దున్నే అట్టాగే బిగుసుకుపోతంది. వయసైపోయింది, చేతుల్లో పట్టు తగ్గిపోయిందనుకున్నా. ఎవరికీ చెప్పలా. కురాజాంగ్ ఎక్కేప్పుడు ఒకసారి క్లచ్ అందక పడబోయా. ఆమెకీ అదే అయితే ఎట్టాగని భయమేసింది.”

మిగిలిన తిట్లు మానేసి ఫోన్‌ని అక్క వైపు జరిపాను. వసంతక్కే ఫోన్ దగ్గరికి వంగింది. “భయమైతే నాకు చెప్పాలె గద అన్నా. పేరు కొట్టేసుడేంది?”

“తప్పే, అమ్మా.”

“సరే, ఆదివారం నీ గరాజ్ తెరువు. నీ వైరుకి నేనే కాపడం పెడతా.”

అక్కడి నుంచి మౌంట్ టోమా పదిహేను నిమిషాలు. కొండ మీది బొటానిక్ గార్డెన్‌కి టికెట్ లేదు. నీలం కొండలు ఒకదాని వెనక ఒకటి పల్చబడుతూ, ఆఖరిది కొండో ఆకాశమో తెలియకుండా కలిసిపోయాయి. గడ్డిలో కూర్చుని వసంతక్క ఎడమ చేతిని ముందుకు చాపి, తిప్పి తిప్పి చూసుకుంది, ఎవరిదో చెయ్యి తనకి తిరిగి ఇచ్చినట్టు. “నాలుగింటికి వచ్చేటాయనకి చాయ్ పోసి పంపుదాం తమ్మీ” అంది. దిగేటప్పుడు ముందు ఆమె బండే వెళ్లింది. మలుపుల్లో నేను అందుకోలేకపోయాను.

అన్యాయం చేసినవాడు దొరికితే కోపం తేలిగ్గా తీరుతుందనుకునేవాణ్ని. దొరికినవాడు కూడా చీకట్లో తన చేతినే అనుమానించుకుంటూ కూర్చున్నాడు. ఎంతమందిమి ఇలా మనలోనే లోపం ఉందని రోజూ కాపడాలు పెట్టుకుంటున్నాం! కోపం పోలేదు. కానీ అది ఇప్పుడు ఆ బిగుసుకుపోయిన వైరు మీద. దాన్ని కరిగించొచ్చు.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక్క సలహా: క్లచ్ గట్టిగా ఉంటే ముందు లీవరు దగ్గర వైరు విప్పి, వైరుని ఒంటరిగా లాగి చూడండి. అక్కడే బిగువుంటే తప్పు వైరుది, మీ చేతిది కాదు.

జనవరిలో కొబ్బరినూనె పోయించుకున్న ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను: ఈ ఆదివారం ఉదయం తొమ్మిదింటికి శ్రీధర్ అన్న గరాజ్ ముందు బండ్లతో కలవండి. పాత టవళ్లు తెచ్చుకోండి, వేడినీళ్లు అక్కడుంటాయి. కొబ్బరినూనె తలకి మాత్రమే రాసుకుని రండి. వైర్లలో నూనె కరిగాక, పదకొండింటికి లిత్‌గో బయలుదేరతాం. ముందు బండి వసంతక్కది.