ఎనాక్ ప్రోబర్ట్ చెప్పిన దారి

హేజెల్ చెట్టు కొమ్మను మొదలు దగ్గర ముప్పాతిక వంతు నరికి, తెగిపోకుండా మెల్లగా పక్కకు వంచి, పాతిన కర్రల మధ్య అల్లుతున్నాయి ఎనాక్ ప్రోబర్ట్ చేతులు. ఆ చేతులు వంచిన కొమ్మ చావదు, వసంతం రాగానే చిగురు వేస్తుంది. మా ఔలెట్ లోయలో అంతటి కంచె కట్టేవాడు లేడు. అంతటి అబద్ధాలకోరూ లేడు. దారి అడిగినవాడికి సరైన దారి చెప్పిన పాపాన ఆయన ఎన్నడూ పోలేదు.

ఆ రోజు బస్సు దిగి వచ్చిన భార్యాభర్తలు చర్చికి ఎటు వెళ్ళాలని అడిగారు. ఎనాక్ తల ఎత్తకుండా మచ్చుకత్తితో కుడివైపు చూపించాడు.

భర్త మెడలో వేలాడుతున్న దారుల పటం చూసుకుని, "ఇందులో ఎడమ అని ఉందండీ" అని నసిగాడు.

"పటం గీసినవాడు గదిలో కూర్చుని గీశాడు బాబూ. నేను వానలో నిలబడి చెబుతున్నాను."

వాన లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. అయినా వాళ్ళు ఒకటికి రెండుసార్లు ధన్యవాదాలు చెప్పి కుడివైపు బురదలో దిగారు. పక్కనే గేటు బాగుచేస్తున్న నేను కొట్టబోయిన మేకు వదిలి వేలు కొట్టుకున్నాను. ఎడమదారి వాగు వెంట చల్లగా సాగి చర్చి గుమ్మంలో దింపుతుంది, గుడ్డి గాడిద కూడా తప్పిపోదు. కుడిదారి ఓక్ అడవిలోకి ఎక్కి, అక్కడ చీలి, మళ్ళీ చీలి, ఎటు పోవాలో తనకే తెలియక నిలబడుతుంది.

కొత్తవాళ్ళు మోసపోయారంటే సరే. మా ఊరివాళ్ళూ మోసపోయేవారు. మోసపోయేవారు అనకూడదేమో, దారి తెలిసీ తప్పేవారు. మా వైపు ఒక ఆచారం ఉంది. పెద్దవాడు పని ఆపి దారి చూపిస్తే, నాకు తెలుసులెండి అనడం అమర్యాద. పోనీ కాస్త దూరం వెళ్ళి వెనక్కి తిరుగుదామా అంటే, మనిషి అడవిలో కనుమరుగయ్యేదాకా ఎనాక్ చెయ్యి ఊపుతూ నిలబడతాడు. చెయ్యి ఊపే ముసలాయన ఎదుట వెనక్కి తిరిగే గుండె మా లోయలో ఎవరికీ లేదు.

ఒక ఆదివారం పాస్టరుగారు తన చర్చికి తాను వెళుతున్నారు. ఎడమదారిలో కందిరీగలు లేచాయి, కుడివైపు వెళ్ళండి అన్నాడు ఎనాక్. ఆయన మారుమాట లేకుండా కుడివైపే వెళ్ళారు. చర్చిలో జనం ఉన్న పాటలన్నీ పాడేసి, క్రిస్మస్ పాటలు కూడా ఎత్తుకున్నాక, మోకాళ్ళదాకా బురదతో వచ్చి, ఇరుకు దారి గురించి ప్రసంగం చేశారు. అంత నిజాయితీగా ఆయన ఎప్పుడూ మాట్లాడలేదని అందరూ ఒప్పుకున్నారు.

అంతకంటే ఘోరం, పట్నం నుంచి వచ్చిన మహిళా నడక సంఘం సంగతి. నేను చెవులారా విన్నాను. వాగులో బిషప్పుగారు స్నానం చేస్తున్నారమ్మా, దయచేసి ఆయన మానం కాపాడండి అన్నాడు ఈ మహానుభావుడు. పాపం, ఆ ఆడవాళ్ళు కొయ్యబారిపోయారు. తరవాత ఒక్కరు కూడా వాగువైపు కన్నెత్తకుండా, వరసగా, తలలు వంచుకుని అడవిలోకి వెళ్ళారు.

"మీకు సిగ్గుగా లేదా?" అని అడిగాను.

"ఆయనకుండాలి, చన్నీళ్ళ స్నానం చేసేది ఆయన" అన్నాడు, లేని బిషప్పును గురించి.

ఆఖరికి వేసవి జాతర రోజున పాపం పండింది. కేకుల పోటీకి తీర్పరిగా వస్తున్న పెద్దమనిషిని ఎనాక్ అడవిలోకి తోలేశాడు. ఆయన వచ్చేసరికి సాయంత్రమైంది, క్రీము కరిగింది, గ్రామ సంఘం కార్యదర్శి మిస్ ఇంగ్రమ్ చేసిన కేకు చీమలపాలైంది. పైగా ఆ తీర్పరి, దారిలో టీ బాగా తాగాను, ఆకలి లేదన్నాడు. అడవిలో టీ ఎక్కడిదని అప్పుడు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

గ్రామ సంఘం ఎనాక్‌ను పిలిపించి ఎందుకిలా చేశావంటే, కుడిదారి అందంగా ఉంటుందన్నాడు. మిస్ ఇంగ్రమ్ కళ్ళద్దాలు తీసి తుడిచి, తనకు "కాస్త నిరాశగా" ఉందన్నారు. మా ఊళ్ళో అంతకన్నా పెద్ద తిట్టు లేదు. ఆ రోజే తీర్మానించారు, దారులు చీలేచోట, సరిగ్గా ఎనాక్ కంచె పక్కన, దారి చూపే స్తంభం పాతాలని. అది చేసే పని నాకు వచ్చింది.

నేను ఎవరి దగ్గరా పని నేర్చుకోలేదు. కొయ్యలు పాడుచేసి నేర్చుకున్నాను. అందుకే ఒక పలక మీద బాణం చెక్కేముందు, అది చూపించే దారి నడిచి చూస్తాను. కుడిదారి పలక మీద ఏం రాయాలో తెలియక, ఓక్ అడవి ఎక్కాను.

దారి చీలి చీలి నాలుగైనచోట ఒక రాతి ఇల్లు. గుమ్మంలో కుర్చీ, కుర్చీలో లెటిస్ గ్విలియం. మా లోయకు ఒకప్పుడు ఉత్తరాలు పంచిన పోస్టమ్మ ఆమె. తుంటి విరిగాక ఆ గుమ్మం దాటలేదు. ఆమెను చూసి ఎన్నాళ్ళయిందో గుర్తురాక మొహం చెల్లలేదు.

"ఏం ఓవెన్, ఏం పని మీద వచ్చావు?"

"ఊరికే, మిమ్మల్ని చూసిపోదామని."

ఆమె మొహం తలుపులా మూసుకుంది. "నన్ను చూడటానికి నేనేం మంచాన పడ్డానా?"

కిందటి చలికాలం చర్చి ఆడవాళ్ళు జాలిపడి తెచ్చిన సూపును, గిన్నె కడిగి మరీ తిప్పి పంపిందని విన్నాను. ఏం చేయాలో తోచక నోటికి వచ్చింది అనేశాను. "అసలు సంగతి, దారి తప్పానండీ."

అప్పుడు చూడాలి ఆమెను. వెన్ను నిటారైంది, కళ్ళలో దీపాలు వెలిగాయి. పుట్టి పెరిగిన లోయలో దారి తప్పావురా వెధవా అని తిడుతూ, లోపల పొయ్యి మీద కెటిల్ ఉంది తెచ్చుకోమంది. ఊతకర్రతో నేల మీద లోయంతా గీసింది. ఏ మలుపులో ఏ చెట్టు, ఏ గేటు తోస్తే తెరుచుకుంటుంది, ఏది ఎత్తాలి, ఎవరి కుక్క కరుస్తుంది, అన్నీ. ఈ కాలం జనానికి బొత్తిగా దారులు తెలియవు, పాస్టరుకే తెలియదంటే ఇక ఎవరికి తెలుస్తుంది, రోజుకొకడైనా వచ్చి తలుపు కొడతాడు, నేను లేకపోతే ఈ అడవి నిండా ఎముకలే అంది. మొన్నటికి మొన్న ముప్ఫైమంది ఆడవాళ్ళు, ఎందుకో ఒకటే సిగ్గుపడుతూ వచ్చారట. ఉన్న కప్పులు చాలక జాడీల్లో టీ పోసిందట.

తీర్పరి అడవిలో తాగిన టీ ఎక్కడిదో అప్పుడు తెలిసింది. నోరు తెరిచినవాణ్ణి మూయలేదు.

తిరిగివచ్చి ఎనాక్ ఎదుట నిలబడ్డాను. ఆయన కొమ్మ వంచుతూనే ఉన్నాడు.

"టీ తాగొచ్చావా?" అన్నాడు.

"ఇదా సంగతి? ఊళ్ళో ఒక్క మాట చెప్పి ఉండొచ్చుగా."

"చెబితే జాలిపడతారు. జాలిపడితే సూపు తెస్తారు. ఆమె తలుపేసుకుంటుంది. దారి తప్పినవాణ్ణి మాత్రం పోస్టమ్మ వదలదు."

"మరి మీరెప్పుడైనా వెళ్ళారా?"

"నేనెలా వెళ్తానురా? నాకు దారి తెలుసని ఆమెకు తెలుసు."

స్తంభం పాతితే అందరూ ఎడమవైపు పోతారు, ఆమె తలుపు కొట్టేవాడు ఉండడు. నాకది తెలుసు, ఆయనకూ తెలుసు. "నీ పని నువ్వు చెయ్" అన్నాడు చివరికి. "పచ్చికొయ్యతో మాత్రం చెయ్యకు. బీటలిస్తుంది."

ఎండిన ఓక్ దూలం తీశాను. ఎడమ పలక మీద "చర్చి" అని చెక్కాను. అంత మంచి కొయ్య మీద అబద్ధం చెక్కడానికి నాకు చేతులు రావు. కుడి పలకను మూడు రోజులు ఖాళీగా చూస్తూ కూర్చున్నాను. తరవాత అడవి ఎక్కి, లోయలో దారులు చెప్పడానికి తెలిసిన మనిషి ఒకరు కావాలి, ఒప్పుకుంటారా అని లెటిస్‌ను అడిగాను. ఊరికి ఇన్నాళ్ళకు బుద్ధొచ్చింది, పలక మీద నా పేరులో అక్షరాలు సరిగ్గా చెక్కు అంది.

పాతే రోజు ఎనాక్ గొయ్యి తవ్వాడు, నన్ను గునపం ముట్టనివ్వలేదు. రాళ్ళు నింపి, మట్టి కూరి, ఇద్దరం తొక్కి గట్టిచేశాం. గొడుగు పట్టుకుని మిస్ ఇంగ్రమ్ వచ్చారు. ఎడమ పలక చదివి తల ఊపారు. కుడి పలక చదివి ఆగిపోయారు.

దాని మీద ఇలా ఉంది: "దారి అడుగుటకు ఇటు. శ్రీమతి గ్విలియం."

"దారి చూపే స్తంభం మీద, దారి అడగమని ఉందేమిటి?" అన్నారు నిర్ఘాంతపోయి.

"అడగాల్సిన వాళ్ళుంటారు కదండీ" అన్నాను.

ఆమె అక్షరాల అంచుల మీద వేలు పోనిచ్చారు. గరుకు తగిలితే చెప్పమని నేను మనసులో సవాలు చేశాను. తగల్లేదు. స్తంభాన్ని రెండు చేతులతో కదిపి చూశారు, కదల్లేదు. చాలా బాగుంది, స్వీకరించాం అన్నారు. తరవాత, తాను పుట్టినప్పటి నుంచి ఎడమదారి తెలిసిన ఆ మనిషి, పలక చెప్పింది కాబట్టి, గొడుగు ముడుచుకుని కుడివైపు బురదలో దిగారు.

ఎనాక్ నోరు తెరుచుకుని ఆమె చెట్లలో కలిసేదాకా చూశాడు. చెయ్యి ఊపడం కూడా మరిచిపోయాడు.

"ఒరే ఓవెన్, నేనేమీ చెప్పలేదు కదా?"

"లేదండీ."

"ఒక్క అబద్ధమూ ఆడలేదు."

"ఒక్కటీ ఆడలేదు."

నమ్మలేనట్టు మరోసారి అటు చూశాడు. నేను మిగిలిన మట్టిని పారతో ఎత్తి, స్తంభం చుట్టూ గడ్డి సర్ది, పనిముట్లు సంచిలో వేసుకున్నాను. పని అప్పగించడం అయిపోయింది.