క్విజ్ మధ్య కళ్లు మూసుకుంటే

తార్నాకలో ఆడపిల్లల హాస్టల్‌లో వంట చేసిన రోజుల్లో ఒళ్లు నొప్పులు లేని పూట నాకు గుర్తులేదు. పొద్దున ఇడ్లీలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం రొట్టెలు. ఆ పనుల సందులోనే ఓపెన్ డిగ్రీ అర్హత పరీక్షకు చదువుకునేదాన్ని. నాలాంటి బడి మెట్లెక్కనివాళ్లు డిగ్రీలో చేరడానికి నాకు తెలిసిన దారి అదొక్కటే. చిన్నప్పుడు ఆయాసం ఉండేదని నన్ను బడికి పంపలేదు. సీతాఫల్‌మండిలో మా ఇంట్లోనే అమ్మ చదువు చెప్పింది. ఆ చదువుకు దేవునికి ఎప్పుడూ స్తోత్రమే. కానీ పరీక్ష అనేది నేను ఎన్నడూ రాయలేదు. గడువులోపు జవాబివ్వగలనా అన్నదే నా భయం.

హాస్టల్‌లో ఉంటూ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదివే ఒక అమ్మాయికి ఈ సంగతి చెప్పాను. ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి నేను వంట ముగించాక, నన్ను క్యాంపస్‌కు తీసుకువెళ్లింది. లైబ్రరీ ముందు బెంచీ మీద కూర్చోబెట్టి, తన ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ తెరిచి, నా పేరుతో ఖాతా పెట్టింది. అందులో ఎవరైనా క్విజ్ తయారుచేయవచ్చు, స్నేహితులంతా ఒకేసారి ఆడవచ్చు. ఎవరి మార్కులు ఎన్నో అందరికీ కనిపిస్తాయి. ప్రతి ప్రశ్న పక్కనా సెకన్లు తరిగిపోతుంటాయి.

"పరీక్షల గూడ గిట్లనే నాలుగు జవాబులుంటయి ఆంటీ. ఆడేటోళ్లు మన హాస్టల్ పోరీలే, భయపడకు."

మొదటి ప్రశ్న నాకు తెలిసిందే, గోదావరి ఎక్కడ పుట్టిందని. కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి రెండో ప్రశ్న వచ్చేసింది. దానికీ అంతే, ఆ తర్వాత వాటికీ అంతే. ఫోన్ తెర కింద, ఆడుతున్న హాస్టల్ పిల్లలు రాసే మాటలు వరుసగా పడుతున్నాయి. అమ్మాయి పకపకా నవ్వుతూ చదివింది.

"'ఆంటీ పండుకున్నదా?' అంట. ఇంకో పోరి చూడు, 'లేపుండ్రి, మనకు రొట్టెలెట్ల?' అంటున్నది."

నేనూ నవ్వబోయాను గాని అంతలో ఇంకో ప్రశ్న దాటిపోయింది. చివరికి అందరికన్నా కింద నా పేరు, పక్కన సున్నా.

"ఒక్కటి గూడ నొక్కలేదేంది ఆంటీ? రాదా?"

"వస్తయి బిడ్డా. ప్రార్థన చేసుకునేసరికి పోతున్నయి."

"ప్రతి ప్రశ్నకా?"

అవును, ప్రతి ప్రశ్నకూ. అమ్మ అలాగే నేర్పింది. ఏది అడిగినా ముందు కళ్లు మూసుకుని దేవుణ్ని అడగాలి, ఆ తర్వాతే నోరు తెరవాలి. ఆయాసపు పిల్లకు ఊపిరి అందనివ్వడానికే అలా పెట్టిందేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. ఆ ఇంట్లో నన్ను ఎవరూ తరమలేదు.

"అన్నిటికి కలిపి ముందే ఒక్కసారి చేస్కోరాదు? క్వశ్చన్ పేపర్ల ఏమున్నదో మీ దేవునికి తెల్వదా ఏంది?"

కొబ్బరికాయ కొట్టే ఇంటి పిల్ల మా దేవుని తరఫున అంత ధీమాగా మాట్లాడేసరికి నాకు నవ్వొచ్చింది. అలాగే చేసి మళ్లీ ఆడాను. రెప్పలు వాటంతటవే వాలుతుంటే ఆ పిల్ల మోచేత్తో పొడిచేది. "కండ్లు ఆంటీ, కండ్లు!" కొన్ని తప్పాయి, కొన్ని ఒప్పయ్యాయి. ఒక్కటీ వదల్లేదు. కానీ దేవుణ్ని అడగకుండా జవాబిచ్చిన ప్రతిసారీ, వడ్డించకముందే చేయి పెట్టినట్టు అనిపించింది. ఆట ముగిశాక సంతోషం కంటే అలసటే ఎక్కువ తెలిసింది, పెద్ద గిన్నెను పొయ్యి మీంచి ఒంటరిగా దించినట్టు.

"మరి పరీక్షకు అప్లై చేద్దామా?"

"చెయ్యి బిడ్డా. గాని రోజూ ఒక ఆట ఆడిపియ్యి. నాకింక అలవాటు గాలె."

నడిచే ఓపిక లేక ఆటో ఎక్కాం. అంత మంచి పిల్లను నా దగ్గరికి పంపినందుకు మనసులోనే వందనాలు చెప్పుకుంటుంటే, అది కూడా పూర్తికానివ్వకుండా ఆమె మరో క్విజ్ ప్రశ్న వేసింది. తార్నాక వచ్చేదాకా అడుగుతూనే ఉంది. కొన్నిటికి జవాబు చెప్పగలిగాను.