దొరగారి ఎడమ చెయ్యి

వీధిలో ఆయన్ని అందరూ దొర అనేవారు. ఉన్నది రెండు గదుల అద్దె ఇల్లు, తొడిగేది మడమల దగ్గర అరిగిన చెప్పులు. కానీ ఎక్కడ నిలబడినా ఆయన ఎడమ చెయ్యి దానంతటదే నడుము వెనక్కి వెళ్ళి పిడికిలి బిగించుకునేది. పాలప్యాకెట్టు కోసం వచ్చినా పటాలాన్ని తనిఖీ చేయడానికి వచ్చినట్టుండేవాడు. "దొరగారికి ఇవాళ మా కొట్టు మీద దయ కలిగింది" అని కొట్టువాడు మేలమాడితే నవ్వి ఊరుకునేవాడు. ఆ చెయ్యి వెనక్కి ఎందుకు వెళ్తుందో ఎవరూ అడగలేదు. అడిగితే ఒక బటన్ సంగతి చెప్పాల్సి వచ్చేది.

ఆయన పని లేబుళ్ళు కోయడం. ఆ ప్రెస్సులో అచ్చయ్యేవన్నీ మిషన్ల మీద అంటించే హెచ్చరికలే. పెద్ద షీట్లు దొంతరగా వచ్చేవి. వాటిని తట్టి అంచులు సరిచేసి, కటింగ్ మిషను బల్ల మీదికి తోసి, కుడిచేత్తో ఒక బటన్, ఎడంచేత్తో ఒక బటన్ ఒకేసారి నొక్కితే కత్తి దిగేది. రెండు చేతులూ బటన్ల మీద ఉంటే కత్తి కింద చెయ్యి ఉండే వీల్లేదు. ఆ మిషను తయారుచేసినవాడెవడో బుద్ధిమంతుడు. మనిషికి నీతులు చెప్పకుండా చేతులకే పని పెట్టాడు.

మొదట్లో ఆ మిషనుకు ఉన్నది ఒకటే లేబులు. ఎర్ర త్రికోణం, మధ్యలో తెగిన చెయ్యి బొమ్మ. చూస్తే ఒళ్ళు జలదరించేది. తరవాత ఎక్కడో ఎవరో కోర్టుకెక్కారట, లేబులు లేనందుకు ఏదో మిషన్ల కంపెనీ ఓడిపోయిందట. ఇక ఆర్డర్లు వరదలా వచ్చిపడ్డాయి. ఫ్యానుకు: తిరుగుతుండగా రెక్కలు పట్టుకోరాదు. నిచ్చెనకు: పై మెట్టు తరవాత మెట్టు లేదు. బట్టలుతికే మిషనుకు: లోపల మనుషులుండగా వాడరాదు. ఒకసారి రెండు రోజుల పాటు ఆయన కోసింది ఈ ముక్క: ఈ లేబులు అంచు వేలిని కోయవచ్చు.

"దీన్ని చదివే ముందు కళ్ళజోడు పెట్టుకోండి అని ఇంకోటి రావాలి నాన్నా" అంది కూతురు. ఆమె అదే షెడ్డులో కట్టలు కట్టే బల్ల దగ్గర పనిచేసేది.

రంగు జారి పాడైన షీట్లు రోజూ ఉండేవి. యజమానికి ఏదీ వృథా పోకూడదు. "పారేస్తే చెత్త, అంటిస్తే భద్రత" అనేవాడు. అలా ఆ పాడైన లేబుళ్ళన్నీ షెడ్డులోని మిషన్లకే అంటుకున్నాయి. కటింగ్ మిషను మీద ఫ్యాను నీతులు, నిచ్చెన నీతులు, ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా. కొన్నేళ్ళకు దాని అసలు రంగేమిటో ఎవరికీ గుర్తులేదు.

పదకొండేళ్ళ కింద ఒక మధ్యాహ్నం, పని ఒత్తిడి మీదుండగా, ఎడమ బటన్ కాలిపోయింది. కరెంటు పనివాడు వచ్చి దాన్ని పీకేసి, రెండు వైర్లు కలిపి టేపు చుట్టి, "రేపు కొత్తది తెచ్చి వేస్తా" అన్నాడు. మర్నాటికి తెలిసిందేమిటంటే, ఒక్క బటన్‌తో పని ఇంకా జోరుగా సాగుతోంది. కుడిచెయ్యి నొక్కుతుంటే ఎడమచెయ్యి తరవాతి దొంతరను లాక్కోవచ్చు. "బాగానే నడుస్తోందిగా" అన్నాడు యజమాని. ఆ రేపు ఇక రాలేదు.

ఆర్నెల్లలో రెండో షిఫ్టు మనిషికి ఎడమ చేతి మూడు వేళ్ళ చివర్లు పోయాయి. బటన్ రాలేదు. 'చేతులు జాగ్రత్త' అన్న లేబులు అన్నిటికన్నా పెద్ద సైజులో వచ్చింది.

ఆ రోజు నుంచే దొర తన ఎడమచేతికి చదువు చెప్పుకున్నాడు. కుడి బొటనవేలు బటన్ మీదికి పోయే ముందే ఎడమ పిడికిలి నడుము వెనక ఉండాలి. ఊపిరి తీసుకున్నంత సహజంగా. అది ఎంత బాగా నేర్చుకుందంటే, మిషను లేనిచోట కూడా మర్చిపోలేదు.

చివరికి ఆయన కళ్ళకు పొర కమ్మింది. కోత గీత దాటిపోసాగింది.

"ఆ మిషను నాకివ్వు నాన్నా" అంది కూతురు. "తొమ్మిదేళ్ళుగా నువ్వు కోసినవే కట్టలు కడుతున్నా. ఇప్పుడు నీకన్నా గీత నాకే బాగా కనిపిస్తుంది. ఎంతకాలమని తాళ్ళు ముడేస్తూ కూర్చోను?"

"బటన్ పడ్డాక నిలబడు తల్లీ. అంతవరకూ వద్దు."

పదకొండేళ్ళుగా తన కోసం అడగనివాడు, కూతురి కోసం యజమాని గదిలోకి వెళ్ళాడు.

"ఇన్నేళ్ళూ లేని భయం ఇప్పుడెందుకు పెద్దాయనా?"

"నా చేతికి అలవాటైపోయింది సార్. మా అమ్మాయి చేతికి లేదు."

"సరే, వారం తిరక్కుండా చూస్తాలే."

చూశాడు. వారం తిరక్కుండా మూడు రంగుల కొత్త లేబులు వచ్చింది: రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కండి. ఎడమ బటన్ పీకేసిన చిల్లు మీదే, చిల్లు కనపడకుండా నున్నగా అంటించారు. దాంతోపాటు ఒక రిజిస్టరు. హెచ్చరికలన్నీ చదివి అర్థం చేసుకున్నానని కొత్త మనిషి సంతకం పెట్టాలి. దొరకు తెలిసేసరికే కూతురు పెట్టేసింది.

"చదివావా?"

"అన్నీ చదివితే పని ఎప్పుడు చేసేది? నువ్వే చెప్పు నాన్నా, ఇన్నిట్లో నిజంగా చదవాల్సింది ఏది?"

ఆయన మిషను నిండా అంటిన లేబుళ్ళ వైపు చూశాడు.

సోమవారం తనిఖీ అధికారి వస్తాడని అందరికీ తెలుసు. ఏటా వచ్చి లేబుళ్ళు చూసి మెచ్చుకుని వెళ్ళేవాడు. పాపం, ఆయన తప్పు కాదు, ఆ మిషను కనిపిస్తేగా చూడటానికి అనుకున్నాడు దొర. కంటికి అడ్డు తీసేస్తే చూడక ఏం చేస్తాడు? ఆదివారం తాళం తీసుకుని ఒక్కడే షెడ్డుకు వెళ్ళాడు. కిరసనాయిలు, గుడ్డపీలికలు, పాత బ్లేడు. పొద్దుగుంకేదాకా గీకాడు. నిచ్చెన కింద ఫ్యాను, ఫ్యాను కింద బట్టల మిషను, అన్నిటికీ అడుగున వెలిసిపోయిన తెగిన చెయ్యి. అదీ ముట్టుకోగానే పొడిపొడిగా రాలిపోయింది. మిషను ఆకుపచ్చదని అప్పుడు గుర్తొచ్చింది. ఎడమ వైపు చిల్లు నోరు తెరుచుకుని ఉంది. ఒక అట్టముక్క మీద లావుగా రాసి తగిలించాడు: ఎడమ బటన్ లేదు. కుడిది నొక్కితే చాలు, కత్తి పడుతుంది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టు.

మర్నాడు అధికారి ఆ మిషను ముందు ఆగిపోయాడు.

"దీనికి లేబుళ్ళేవి?"

దొర ముందుకొచ్చాడు. "అయ్యా, ఈ చిల్లు చూడండి. ఇక్కడో బటన్ ఉండాలి. కుడిది ఒక్కటే నొక్కి చూపిస్తా, మీరే చూడండి."

అధికారి చెడ్డవాడు కాదు. చేతిలోని కాగితం రెండు వైపులా తిప్పి వెతికాడు. "బటన్‌కి ఇందులో గడి లేదు పెద్దాయనా. లేబుళ్ళకుంది. ఉండాల్సినవెన్ని, ఉన్నవెన్ని."

"అట్ట మీద రాశాను కదండీ."

"చేతిరాత లెక్కలోకి రాదు. ఇంతకీ లేబుళ్ళు ఎవరు పీకారు?"

"నేనే."

'ఒక్క హెచ్చరికా లేని మిషను, తీవ్రమైన లోపం' అని రాసుకుని వెళ్ళాడు. సాయంత్రానికి దొర చేతికి కాగితం వచ్చింది. భద్రతా ఏర్పాట్లు ధ్వంసం చేసి తోటివారి ప్రాణాలకు ముప్పు తెచ్చినందుకు పని నుంచి తొలగింపు. యజమాని కోప్పడను కూడా లేదు. "నీ చేతిలో ఒక్క ప్రమాదమూ జరగలేదు. నువ్వే ఇలా చేశావంటే ఎవర్ని నమ్మాలి?" అన్నాడు బాధగా.

ఇంట్లో భార్య అన్నం పెడుతూ అంది: "లోకమంతటికీ జాగ్రత్తలు కోసి పంపావు. కన్నబిడ్డకు ఒక్క బటన్ తేలేకపోయావు."

దొర కూతురి వైపు చూసి, "నువ్వూ మానెయ్యి తల్లీ" అన్నాడు.

"మానేసి? ముగ్గురం కూర్చుని గోడలు చదువుకుందామా?"

మరుసటి సాయంత్రం ఆయన గదిలో బల్ల ముందు కూతుర్ని నిలబెట్టాడు. పాత పేపర్ల దొంతర, కుడి పక్కన బటన్‌కు బదులు అగ్గిపెట్టె. "నొక్కే ముందు ఎడమ చెయ్యి వెనక్కి. ఊఁ. మళ్ళీ." చెయ్యి ఆలస్యమైతే స్కేలుతో మణికట్టు మీద ఒక్కటిచ్చేవాడు. చిన్నప్పుడు కూడా ఆమెను కొట్టి ఎరగడు.

"నాన్నా! నొప్పి!"

"నొప్పి పుడుతోందంటే చెయ్యి ఉన్నట్టే. మళ్ళీ."

పది సాయంత్రాలు అలాగే సాగింది. తల్లి గుమ్మంలో నిలబడి చూసేది. పదకొండో నాడు కూతురు మిషను దగ్గర నిలబడింది. అప్పటికే దానికి లేబుళ్ళన్నీ మళ్ళీ వచ్చేశాయి, ఈసారి రంగు జారనివి.

కొన్నాళ్ళకు దొర కళ్ళకు ఆపరేషన్ అయింది. ఒకరోజు అరుగు మీద కూర్చుని చూస్తున్నాడు. కూతురు పని నుంచి వస్తూ కొట్టు దగ్గర ఆగింది. పాలప్యాకెట్టు కోసం కుడిచెయ్యి చాపింది. ఎడమ చెయ్యి నడుము వెనక్కి వెళ్ళి పిడికిలి బిగించుకుంది.

"అబ్బో, దొరసానిగారు!" అన్నాడు కొట్టువాడు. నిలబడ్డవాళ్ళంతా గొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

దొర నవ్వలేదు. ఆమె ఇల్లు చేరి చెయ్యి విప్పేదాకా ఆ పిడికిలినే చూశాడు. విప్పాక వేళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజుకు అయిదూ ఉన్నాయి.